వెనక నుంచి ఎవరో పలికారు

తలుపు మూసుకుంది. ఆరోగ్యమ్మ లోపలికి వెళ్లింది. నేను వరండాలో బెంచీ మీద మిగిలాను, నా కుడిచేతిలో ఆమె ఇచ్చిన సగం సీతాఫలం ఉంది. ఎప్పుడు తీసుకున్నానో గుర్తు లేదు. బస్సులో ఎవరైనా డబ్బులు చాపితే నేను చూడకుండానే వేళ్లు ముడుచుకుంటాయి, అలాగే ముడుచుకుని ఉంటాయి. కండక్టరు చేతులు మనిషిని అడిగి పని చేయవు. ఇది ఖమ్మంలో బిషప్ గారి ఇల్లు, ఆఫీసు గదుల వెనక పొడవాటి వరండా, చివర ఒక గది. గది మీద బోర్డు లేదు. లోపల ఏముందో తెలుసు, పోయిన నెల ఒకసారి వచ్చాను. ఒక టేబులు, దాని మీద సువార్త గ్రంథం, ఒక పక్క పెళ్లి కేసులు విచారించే ఫాదర్ ఇన్నయ్య గారు, ఇంకో పక్క అన్నీ రాసుకునే సిస్టరు. ఆ గదిలో ఇప్పుడు ఆ ముసలామె చెప్పే మాట మీద నాకు పెళ్లయిందో లేదో తేలుతుంది. నవ్వు రావాలి, రావడం లేదు. కోర్టు ఎప్పుడో తెంపేసిన పెళ్లి ఇది. కానీ ఇక్కడ తెంపడం అనే మాటే లేదు. ఫాదర్ మొదటి రోజే చెప్పారు, "ఇది విడాకులు కాదమ్మా. విడాకులంటే ఉన్న ముడిని తెంచడం. మేం చూసేది అసలు ఆరోజు ముడి పడిందా లేదా అని." పడలేదని తేలితే నేను గుడిలో పెళ్లి చేసుకోవచ్చు. పడిందని తేలితే క్రాంతికుమార్ ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా, నేను చనిపోయేదాకా అతని భార్యనే. ఆరోగ్యమ్మ అతని తల్లి. ఆమెను సాక్షిగా పేరు రాసిచ్చింది నేను. ఇక్కడిదాకా పంపింది మాత్రం అతను.

ఆ సంగతి ఇందాకే తెలిసింది. పొద్దున భద్రాచలంలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సెలవు పెట్టి, యూనిఫాం లేకుండా, మామూలు మనిషిలా. నా బస్సులో నేను పాసింజరుగా కూర్చోవడం అదో రకంగా ఉంటుంది, చేతులకు పని ఉండదు, భుజానికి బ్యాగు బరువు ఉండదు, ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. గోదావరి వంతెన దాటి సారపాకలో ఆగింది. మణుగూరు వైపు నుంచి వచ్చి నిలబడిన వాళ్లలో ఒక జరీ అంచు చీర. కొత్త చీర. మెడలో జపమాల. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. డ్యూటీలో ఉన్న కండక్టరు రూప్లి నా దగ్గరకు వచ్చి సీటు కడ్డీ మీదికి వంగి చెవిలో అంది, "అక్కా, మీ అత్త ఎక్కింది. టికెట్ కొట్టాల్నా, దించాల్నా?" "కొట్టు," అన్నాను. "యాడికంటే ఖమ్మమంటాంది. నువ్వూ ఖమ్మమే. ఇద్దరికి కలిపి ఒక్క టికెట్ కొట్టనా, చిల్లర కలిసొస్తది." రూప్లి అలాగే మాట్లాడుతుంది. మిగతా రోజుల్లో నవ్వుతాను. పాల్వంచ, కొత్తగూడెం, జూలూరుపాడు, ఏన్కూరు, తల్లాడ, వైరా, స్టేజీలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి, పోయాయి. ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆమె పెదాలు కదులుతున్నట్టు పక్కనుంచి కనపడింది. జపమాల చెబుతోందనుకున్నాను, అక్టోబరు జపమాల నెల కదా. ఏన్కూరు దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి సీతాఫలాలు కొనుక్కుంది. ఖమ్మంలో దిగాక ఆమె ఒక ఆటో ఎక్కింది, నేను ఇంకో ఆటో ఎక్కాను. రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఒకే గేటు ముందు ఆగాయి.

ఈ బెంచీ ఒక్కటే ఉంది. ఆమె ఆ చివర, నేను ఈ చివర. పిలవడానికి మాట లేదు. అత్తమ్మా అనలేను, కోర్టు ఆ మాటను కొట్టేసింది. అమ్మా అంటే మరీ కొత్త మనిషిని పిలిచినట్టు. ఆమెకే ఆ ఇబ్బంది లేదు. "బస్సుల ఇంజను మీద పెట్టినట్టున్నరు బిడ్డా సీటు, కాళ్లు ఉడికిపోయినయ్," అంది, నిన్న సాయంత్రమే ఒకే పొయ్యి దగ్గర కూర్చుని లేచినట్టు. తర్వాత సంచిలోంచి పండు తీసి బొటనవేళ్లతో విప్పింది. "మా వోడే పొద్దుగాల్నే లేపి సారపాకదాకా బండి మీద దించిండు. చీర గూడ వాడే తెచ్చిండు. ఫాదరోళ్ల ముంగట మంచిగ గనబడాల్నంట." అంతవరకే చెప్పింది. ఏం చెప్పమని పంపాడో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. క్రాంతికుమార్ ఈ గది నుంచి వచ్చిన పిలుపు ఒక్కదానికీ జవాబివ్వలేదు, కానీ మా తమ్ముడికి ఫోన్ చేసి, 'మీ అక్క ఇంకోడిని గుళ్లె చేస్కుంటదా, ఎట్ల చేస్కుంటదో నేనూ చూస్త' అన్నాడట. అతను ఇల్లందులో ఒకామెతో ఉంటాడు. ఆమె గురించి నాకు కోపం రాదు. కోపం వస్తే బాగుండునని ఆ మధ్య చాలాసార్లు అనుకున్నాను. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ గిచ్చుకుంటే ఎవరిదో బుగ్గ గిచ్చినట్టు ఉంటుందే, అలా.

పండులో గుజ్జు తింటున్నాను. తీపి తెలుస్తోంది, కానీ దూరంగా. గింజలు ఉమ్మడానికి చోటు లేదు. వరండా తడిగుడ్డ పెట్టి తుడిచి ఉంది, ఎదురుగా మరియమాత విగ్రహం, దాని ముందు బంతి మొక్కలు. పండును ఒళ్లో పెట్టుకుని, గింజలు ఒక్కొక్కటే ఎడమచేతితో తీసి కుడి పిడికిట్లో పెట్టుకుంటున్నాను. నల్లగా నున్నగా జారుతున్నాయి. పోయిన నెల ఆ గదిలో ఫాదర్ అడిగిన ప్రశ్న కూడా ఇలాగే జారింది, ఎంత పట్టుకున్నా. "ఆరోజు పీఠం ముందు గురువు నిన్నడిగారు కదమ్మా, ఎవరి బలవంతమూ లేకుండా నీ ఇష్టంతో వచ్చావా అని. నువ్వేమన్నావు?" నేనేమీ అనలేదన్నాను. "మరి పెళ్లి ఎట్లా జరిగింది?" వెనక నుంచి పలికారన్నాను. సిస్టరు కలం ఆగింది. ఫాదర్ మాత్రం ఆశ్చర్యపోలేదు, మెల్లగా అన్నారు, "పలకకపోయినా పర్లేదమ్మా. మూగవాళ్లకూ పెళ్లి చేస్తాం. తల ఊపినా చాలు. నోరు కాదు నాకు కావలసింది. ఆ నిమిషంలో నీ మనసులో అవును ఉందా, కాదు ఉందా?" అక్కడ ఆగిపోయాను. ప్రమాణం చేసి కూర్చున్నదాన్ని, అబద్ధం చెప్పలేను. వెతికాను. ఆ నిమిషంలో నా మనసులో ఏముంది? దండలో చీమలున్నాయి. ఎర్ర చీమలు, మెడ మీద కుడుతున్నాయి. జాకెట్టు చంకలో బిగుతుగా ఉంది. అంతే. ఇంకేమీ లేదు. "ఇంటికి పోయి ఆలోచించుకో. ఇంకోసారి పిలుస్తాను. ఆరోజు నీ పక్కనున్నవాళ్లు ఎవరైనా ఉంటే పేరు ఇవ్వు," అన్నారు. పెళ్లి చేసిన కేరళ ఫాదర్ కాలం చేశారు. మా నాన్న కాలం చేశాడు. మిగిలింది వెనక నిలబడి పలికిన మనిషి ఒక్కతే.

మా నాన్న మార్కు, దుమ్ముగూడెం అవతల ఊళ్లో ఉపదేశి. ఫాదర్ లేని ఆదివారాలు ప్రార్థన నడిపించేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు, పెళ్లి కుదిరిన జంటలను అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. మొదటి పాఠం నాకు నిద్రలోనూ వచ్చు. పెండ్లికి ఇష్టం ముఖ్యం, అమ్మ చెప్పిందని అయ్య చెప్పిందని చేసుకోవద్దు, కాదనే హక్కు పీఠం మెట్ల మీద కూడా ఉంటది. లోపల నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. అది రెండు వేల సంవత్సరం, క్రీస్తు పుట్టుక జూబిలీ ఏడాది. ఆ ఏడాదంతా ప్రత్యేక కృప అని బిషప్ గారి మేత్రాసనంలో గుడిగుడికీ చెప్పుకున్నారు. మా నాన్నకు అది ఇంకోలా అర్థమైంది. ఆ ఏడాది దాటకుండా చేసిన పెళ్లికి దేవుడే పూచీ అని పట్టుకున్నాడు. ఎవరు చెప్పారో తెలియదు, ఏ ఫాదరూ చెప్పి ఉండడు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ ఏడాది చివర చాలా పెళ్లిళ్లు అలాగే అయ్యాయి, పరుగు పరుగున. మణుగూరు సంబంధం వచ్చేసరికి క్రిస్మస్ దగ్గరపడింది. అబ్బాయి బొగ్గు గనిలో డంపరు నడుపుతాడు, క్వార్టరుంది, కతోలికులు. అబ్బాయి నా తల మీదుగా గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. అతను వెళ్లాక, నాన్నా నాకు వద్దేమో అన్నాను. వద్దేమో అన్నాను, వద్దు అనలేదు. నాన్న కేకలు వేయలేదు. అన్నం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు. తర్వాతి పూట కూడా తినలేదు. ఆ తర్వాతి పూట నేనే పోయి, సరే నాన్నా, తిను అన్నాను. నాన్న తిన్నాడు. మజ్జిగ పోసుకుని, ప్లేటు ఎత్తి తాగాడు. అరుగు మీద పాఠం మరుసటి వారం కూడా జరిగింది, వేరే జంటకు. నేను బియ్యం ఏరుతూ విన్నాను.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, మేనత్తలు లేరు, నన్ను పెళ్లికూతుర్ని చేయడానికి మా వైపు ఆడమనిషి లేదు. అందుకని ఆరోగ్యమ్మే ముందురోజు పెళ్లి చీర పట్టుకుని వచ్చింది. తల దువ్వింది. అమ్మ పోయాక నా తల ఇంకొకరు దువ్వడం అదే మొదలు. దువ్వెన చిక్కుల దగ్గర ఆగి, వేళ్లతో విడదీసి, మళ్లీ దువ్వేది. ఆ వేళ్లు గుర్తున్నాయి. గుడి పక్కన ఫాదర్ బట్టలు మార్చుకునే చిన్నగదిలో నన్ను కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి పీఠం దగ్గరికి ఒక తలుపు. ఆ తలుపు దగ్గర, అత్తమ్మా నాకు భయమైతాంది అన్నాను. "అందరికీ గట్లనే ఉంటది బిడ్డా, కొంగు సర్దుకో," అంది. ఆ తర్వాత ఒక ఖాళీ. ఖాళీ తర్వాత నేను పీఠం ముందు ఉన్నాను, మెడ మీద చీమలు కుడుతున్నాయి, కుడి మణికట్టు దగ్గర గాజు ఒకటి పగిలి గుచ్చుకుంది, రక్తం చీర అంచుకు అంటింది. జనం తోసుకుంటుంటే పగిలిందని అనుకున్నాను, అందరూ అదే అన్నారు. ఇప్పటికీ అక్కడ చిన్న మచ్చ, బ్యాగు తాడు రాసుకుంటే మండుతుంది. ఫాదర్ కేరళ తెలుగులో అడిగారు. నేను తల దించుకుని ఉన్నాను. మళ్లీ అడిగారు. గుడిలో ఎవరో చిన్నగా నవ్వారు, పెళ్లికూతురు సిగ్గుపడితే అందరికీ ముద్దు. మూడోసారి అడగకముందే నా భుజం వెనక నుంచి వచ్చింది మాట. "అవ్ ఫాదరూ, ఇష్టమే." స్పష్టంగా, చివరి బెంచీకి వినపడేట్టు. జనం గొల్లున నవ్వారు. ఫాదర్ కూడా నవ్వి ముందుకు సాగారు. తాళి, ఉంగరం, ఫోటోలు.

వీడియో ఉంది. ఫాదర్ ఇన్నయ్య గారు దాని గురించీ అడిగారు. ఆ క్యాసెట్టు మా తమ్ముడి దగ్గర దొరికితే, ప్లేయరు ఉన్న ఇల్లు వెతికి చూశాం. ఉన్నాను అందులో. తల దించుకుని, ముక్కు చివర చెమటతో. ఫాదర్ నోరు కదులుతుంది, నా నోరు కదలదు, వెనక ఆరోగ్యమ్మ నోరు కదులుతుంది, కానీ ఏ మాటా వినపడదు, ఎందుకంటే వీడియోవాడు పెళ్లి మొత్తం మీద సినిమా పాటలు ఎక్కించాడు. పీఠం ముందు ప్రశ్న దగ్గర హీరో ఎవరో హీరోయిన్ని మంచు కొండల్లో తరుముతుంటాడు, పాటలో. చుట్టూ గులాబీ పువ్వులు తిరుగుతాయి. మా తమ్ముడు పగలబడి నవ్వి, నన్ను చూసి ఆపేశాడు. నేను రిమోట్‌తో ఆ ముక్కను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పాను. చీమలు కనపడతాయేమోనని చూశాను. కనపడలేదు. ఆ చిన్నగది తలుపు కెమెరాకు ఆనలేదు.

లోపలి నుంచి ఫాదర్ గొంతు లీలగా వినపడుతోంది, ప్రశ్న అని తెలుస్తుంది, మాటలు తెలియవు. ఆరోగ్యమ్మ గొంతు అసలు వినపడటం లేదు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. క్వార్టరులో పొద్దున్నే ఆమె గొంతుతోనే తెల్లవారేది. క్రాంతికుమార్‌కు గొంతే ఉండేది కాదు. షిఫ్టు నుంచి వచ్చి ఖాళీ టిఫిన్ డబ్బా నా ముందు పెట్టేవాడు, అదే మా మధ్య మాట. వారాలు గడిచిపోయేవి. నన్ను కొట్టలేదు, ఒక్కసారి కూడా. అది చెబితే అందరూ మరి ఇంకేందమ్మా అనేవారు. ఇంకేందో నాకూ చెప్పడం వచ్చేది కాదు. ఆరోగ్యమ్మే మధ్యలో ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. "కూర మంచిగుందంటుండు బిడ్డా," అనేది, అతను ఏమీ అనకపోయినా. "పోరికి జరమొచ్చింది, దవాఖానకు తీస్కపోరా," అనేది, నేను ఏమీ అడగకపోయినా. పిల్లలు కాలేదు. కండక్టరు పోస్టులు పడితే దరఖాస్తు పెట్టుకున్నాను, వచ్చింది, మొదటి రోజు భద్రాచలం బస్టాండులో "రైట్ రైట్" అని అరిచినప్పుడు ఆ గొంతు ఎవరిదా అని వెనక్కి తిరిగి చూశాను. అతను ఇల్లందు వెళ్లిపోయాడు. తర్వాత కోర్టు. కోర్టులో జడ్జిగారు అడిగారు, అమ్మా, మీకు ఇష్టమేనా విడిపోవడం? నేను నోరు తెరిచేలోపు మా వకీలు, "మా పార్టీకి పూర్తిగా ఇష్టమే సర్," అన్నాడు. జడ్జిగారు రాసుకున్నారు. కట్టుకునేటప్పుడు ఒకరు పలికారు, విడిపోయేటప్పుడు ఇంకొకరు పలికారు. మధ్యలో నేను టికెట్లు కొట్టాను.

ఆ తర్వాత గుడిలో నేను చివరి బెంచీకి జరిగాను. జరగమని ఎవరూ అనలేదు. పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే సత్ప్రసాదానికి అందరూ వరుసలో వెళుతుంటే మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇచ్చేదాన్ని, బస్సులో దిగేవాళ్లకు ఇచ్చినట్టు. ఫాదర్ ఇన్నయ్య గారు మొదటి రోజు అది విని, "విడాకులు అయినంత మాత్రాన సత్ప్రసాదం తీసుకోకూడదని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు ఫాదర్. "ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే అది వేరే మాట. ఒంటరిగా ఉన్నదానివి, నువ్వెందుకు మానేశావు?" ఇన్నేళ్లు ఆకలి వేయలేదన్నది నిజం. మరుసటి ఆదివారం వెళ్లి తీసుకున్నాను. నాలుక మీద మెత్తబడింది, మింగాను. ఏడుస్తానేమోనని చేతిరుమాలు తెచ్చుకున్నాను, దానితో పని పడలేదు. నాన్న సమాధి దగ్గర కూడా అంతే. మట్టి వేస్తుంటే వచ్చిన జనాన్ని లెక్కపెట్టాను, నిలబడ్డవాళ్లు ఎందరు, కూర్చున్నవాళ్లు ఎందరు అని.

జస్టిన్ ఒక్కడే నన్ను అడిగి, నా జవాబు కోసం ఆగాడు. అతను ఇక్కడ ఖమ్మంలో మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్. చర్ల వైపు మోటార్ల పనికి నా బస్సులో వచ్చేవాడు, బట్టల్లో మిరప ఘాటు, అతను ఎక్కితే ముందు సీట్లో ఎవరో ఒకరు తుమ్మేవారు. "మీకు రెండు టికెట్లు కొట్టాలి, మీకొకటి, మీ ఘాటుకొకటి," అని తన డ్యూటీ రోజుల్లో రూప్లి ఆటపట్టించేది. పోయిన తపస్సు కాలంలో, ఈస్టరుకు ముందు, ఒకరోజు ఫుట్‌బోర్డు మీద నిలబడి, చిన్నగా, "ఆరాధన గారూ, మనం పెండ్లి చేస్కుందాం. మీకు ఇష్టమైతేనే," అన్నాడు. నేను అలవాటుకొద్దీ, "లోపలికి జరగండి," అన్నాను. అతను నవ్వి లోపలికి జరిగాడు. దిగేటప్పుడు మాత్రం, "జల్దీ ఏం లేదు. కానీ మీరే చెప్పాలె. మీ తమ్ముడు ఫోన్ జేసి చెప్తే నాకొద్దు," అన్నాడు. రిజిస్టరాఫీసులో అయితే ఈపాటికి అయిపోయేది, తమ్ముడూ అదే అన్నాడు. కానీ అతను అడిగిన ఆ రాత్రి నుంచి నాకు ఒక్కటే ఆలోచన. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మొదటి ప్రశ్నకు జవాబు ఎవరిదో తేలాలి. అది నాదే అయితే నాదే. కాకపోతే కాదు. ఖమ్మం ట్రిప్పు మధ్యలో ఖాళీ దొరికిన రోజు, యూనిఫాంలోనే, భుజాన బ్యాగుతోనే వచ్చి ఈ వరండాలో నిలబడ్డాను. ఎవరూ పంపలేదు. ఇక్కడిదాకా నడిచొచ్చిన కాళ్లు నావే. ఆ కాళ్లే ఇప్పుడు తిమ్మిరెక్కి, నావి కానట్టు ఉన్నాయి.

లోపల ఆరోగ్యమ్మ గొంతు లేచింది. ఒక్క వాక్యం. పొడవాటిది, చివర పైకి వెళ్లింది, ప్రశ్న అడిగినట్టు. సాక్షి ప్రశ్న అడగడమేమిటి? తర్వాత సిస్టరు నవ్వు, వెంటనే ఆపుకున్నట్టు. ఫాదర్ నవ్వలేదు, లేదా వినపడలేదు. నవ్వారంటే అయిపోయిందన్నమాట. ఆమె గుడిలో అందరినీ నవ్వించినట్టు ఇక్కడా నవ్వించి ఉంటుంది. పోరి మస్తు సిగ్గుపడ్డది ఫాదరూ, ఇష్టం లేకుంటే ఏడ్వదా, ఏడ్వనే లేదు. ఆ మాట నిజం కూడా. నేను ఏడవలేదు. అతను నేర్పి పంపింది అదే అయి ఉంటుంది, బస్సులో ఆమె పెదాలు కదిపింది అందుకే అయి ఉంటుంది, జపమాల కాదు. జపమాల మెడలో ఉంది కదా, వేళ్ల మధ్య కాదు. ఇది ఇప్పుడు తట్టింది నాకు. తట్టినా గుండె వేగం పెరగలేదు. సీతాఫలం అయిపోయింది, తొక్క బెంచీ మీద పెట్టాను, పిడికిలి నిండా గింజలు. జస్టిన్‌కు ఏం చెప్పాలి? ఏమీ చెప్పనక్కర్లేదు. ఇంకొన్నాళ్లకు అతనే వేరే బస్సు ఎక్కుతాడు. అలా అనుకున్నప్పుడు ఎక్కడో, బాగా లోపల, సూది మత్తు దిగిపోతున్నప్పుడు పన్ను మొదట సలిపినట్టు, కొంచెం నొప్పి వేసింది.

తలుపు తెరుచుకుంది. ఆరోగ్యమ్మ బయటికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. వెనక సిస్టరు తలుపులోంచి, "ఒక్క అయిదు నిమిషాలమ్మా, పిలుస్తాను," అని నాతో అని మళ్లీ మూసింది. ఆరోగ్యమ్మ ఈసారి ఆ చివర కాదు, నా పక్కనే కూర్చుంది.

"లోపల జెప్పింది బయట జెప్పొద్దన్నడు ఫాదరు," అంది.

"చెప్పకు."

"చెప్ప. పుస్తకం మీద చెయ్యి వెట్టిన గదా. మావోడు వారం సంది నేర్పిండు, గిట్ల చెప్పు గట్ల చెప్పు అని. దారి పొడుగునా అప్పజెప్పుకుంటనే వచ్చిన. చెయ్యి పుస్తకం మీద వెడితే ఒక్క ముక్క గూడ గుర్తు రాలే." సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంది. "నేను జెప్పింది చెప్ప. నేను అడిగింది చెప్త, దానికి ఒట్టు లేదు."

"ఏమడిగినవ్?"

"నా పెండ్లప్పుడు గూడ నేను పల్కలే బిడ్డా. మా అత్త పల్కింది ఎనక నుంచి. ఆమెకు ఆమె అత్త పల్కిందంట. మాకాడ గంతే, పిల్ల పల్కితే సిగ్గులేనిదంటరు. మరి ఫాదరూ, నాది పెండ్లి అయినట్టా కానట్టా అని అడిగిన. ముసలోడు సచ్చి ఇన్నేండ్లాయె, ఇప్పుడు కాలేదంటే నేను నవ్వాల్నా ఏడ్వాల్నా? ఆ రాసేటామె నవ్వింది."

"ఫాదర్ ఏమన్నడు?"

"నీ మనసుల ఏముండె అమ్మా అన్నడు. నా మనసుల ఏముండెనో నన్ను అడిగినోడే లేడు. యాది జేస్కుంట గూసున్న. ఆయన గడియారం దిక్కు గూడ చూడలే, ఊకున్నడు." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "ఇగ మణుగూరు పోను. ఏన్కూరుల మా చెల్లె ఉంది, ఆడ దిగుత. వానికి నేనే చెప్త, తర్వాత."

ఆమె ఏం చెప్పి ఉంటుందో అప్పటికి సగం అర్థమైంది. మిగతా సగం ఆమె నోటితో చెప్పలేదు. నా కుడి పిడికిలి చూసి, "గింజలా?" అంది. తల ఊపాను. నా మణికట్టు పట్టుకుని తన ఒళ్లోకి లాక్కుంది. మచ్చ మీద ఆమె బొటనవేలు ఆగింది. దాన్ని ఒకసారి రుద్దింది. తర్వాత నా వేళ్లు విప్పడం మొదలుపెట్టింది. చిటికెన వేలు. ఉంగరపు వేలు. బలంగా కాదు, చిక్కు విడదీసినట్టు, ఒక్కొక్కటే. మధ్యవేలు. అక్కడ నా చెయ్యి బిగుసుకుంది. నేను బిగించలేదు, అదే బిగుసుకుంది. ఆమె ఆగింది, నా ముఖంలోకి చూసింది, ఆ కళ్లల్లో నీళ్లున్నాయి. అప్పుడు చెక్క తగిలింది నా అరచేతికి. బెంచీ చెక్క కాదు. పెళ్లిరోజు ఆ చిన్నగది తలుపు రెక్క. రంగు ఊడి, అంచు గరుకుగా, నా రెండు చేతుల్లోనూ. బయట పాట మొదలైంది, జనం లేచి నిలబడ్డ చప్పుడు, నేను తలుపు రెక్క పట్టుకుని ఉన్నాను, నా వెనక నుంచి ఈ వేళ్లే, ఈ బొటనవేలే, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, "వదులు బిడ్డా, నీకు దండం బెడ్త, జనం ఎదురుజూస్తున్నరు, వదులు," గాజు తలుపు గొళ్లేనికి కొట్టుకుని పగిలింది. రద్దీలో కాదు. అక్కడ రద్దీ లేదు. నేనూ ఆమే ఉన్నాం.

ఆమె నా చూపుడు వేలు కూడా విప్పింది. గింజలన్నీ తన కొత్త చీర కొంగులోకి వంపుకుని ముడి వేసుకుంది. అదే కొంగుతో నా అరచేయి తుడిచింది. "పో," అంది, "పిలుస్తున్నరు."

కాళ్ల తిమ్మిరి వదులుతున్నప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఒక్కో అడుగుకూ గుచ్చుకుంటూ లోపలికి వెళ్లాను. సిస్టరు తలుపు వేసి తన కుర్చీలో కూర్చుంది. ఫాదర్ ఇన్నయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. సువార్త గ్రంథం నా వైపు జరిపారు. కుడిచేయి చాపి దాని మీద పెట్టాను, వేళ్లు విప్పి. అరచేతికి ఇంకా కొంచెం జిగురుంది. ప్రమాణం చెప్పించారు, చెప్పాను. తర్వాత ఆయన, వచ్చిన అందరినీ మొదట అడిగేదే కాబోలు, మామూలు గొంతుతో అడిగారు, "ఎవరి బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే ఇక్కడికి వచ్చావా?"

ఫ్యాను తిరుగుతోంది. సిస్టరు కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తోంది. నేనూ ఎదురుచూస్తున్నానని ఒక క్షణం తర్వాత తెలిసింది. భుజం వెనక నుంచి రావాలి, ఎప్పుడూ అక్కణ్ణుంచే వస్తుంది. వెనక మూసిన తలుపు ఉంది. తలుపు అవతల ఆరోగ్యమ్మ దగ్గింది. దగ్గి, ఊరుకుంది.

"అవ్ ఫాదర్," అన్నాను. "నేనే వచ్చిన."

గొంతు బొంగురుగా వచ్చింది, పొద్దున మొదటి ట్రిప్పులో వచ్చినట్టు. సిస్టరు రాసుకుంది. ఫాదర్ తల ఊపి, కొంచెం ముందుకు వంగారు.

"ఆరోజు?"

చెయ్యి పుస్తకం మీద నుంచి తీయలేదు.

"ఆరోజు తలుపు పట్టుకున్న ఫాదర్. గట్టిగ పట్టుకున్న. నా వేళ్లు ఇప్పదీసి తీస్కపోయిన్రు."